పిల్లకి కాదు, ఇంటికి

2024 ఉగాది నాడు మధ్యాహ్నం మేం ఆరుగురం రెండు కార్లలో ఒక ఇంటికి వెళ్ళాం. బెంగళూరు చిక్‌పేటలో కొన్న పట్టుపావడా, ఒక స్కూలు సంచీ, రంగు పెన్సిళ్ళ డబ్బా, కిలో మైసూరుపాకు మా చేతుల్లో ఉన్నాయి. ఆ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. ఒకరు ఇంటావిడ కన్న పిల్ల, తొమ్మిదేళ్ళు. ఇంకొకరు ఫోస్టర్ కేర్ కింద, అంటే కన్నవాళ్ళు చూసుకోలేని పిల్లని కొంతకాలం ఇంకో కుటుంబం పెంచే ఏర్పాటు కింద, ఆ ఇంటికి వచ్చిన పిల్ల, ఎనిమిదేళ్ళు. మేం నెలనెలా సాయం చేస్తున్నది చిన్నపిల్లకి కాబట్టి పావడా ఆ పిల్లకే కొన్నాం. కొలతలు ముందే కనుక్కుని మరీ కొన్నాం. చిన్నది కట్టుకుని వచ్చి నిలబడింది, మేం ఫోటోలు తీసుకున్నాం. పెద్దది వంటింటి గడప దగ్గర నిలబడి చూస్తూ ఉంది. మైసూరుపాకు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకుంది.

బయల్దేరుతుంటే ఇంటావిడ నాతోపాటు మెట్ల దాకా వచ్చింది. కోలారు జిల్లా ముళబాగిలు వైపు మనిషి. నెమ్మదిగానే అంది: "అక్కా, ఏమీ అనుకోవద్దండి. తెస్తే ఇద్దరికీ తెండి. లేదంటే ఇద్దరికీ వద్దు. మీరు పొయినంక ఈ ఇద్దరితో ఉండాల్సింది నేను."

ఆ పావడా మళ్ళీ ఎప్పుడూ ఆ పిల్ల ఒంటి మీద కనబడలేదు. ఆ రాత్రే తానే మడిచి, బీరువా మీద పెట్టెయ్యమని ఇచ్చేసిందట.

ఆ మెట్ల మీద మాట నన్ను వదలలేదు. ఫోస్టర్ కేర్‌లో ఉన్న పిల్లలకి డబ్బు సాయం చేయాలనుకునేవాళ్ళకి ఇప్పుడు నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. పిల్లకి ఇవ్వకండి, ఆ పిల్ల ఉన్న ఇంటికి ఇవ్వండి. ఈ మాట దగ్గరికి రావడానికి నాకు చాలా కాలం పట్టింది. దారిలో వచ్చిన సందేహాలు కూడా చిన్నవి కావు. కొన్ని ఇంకా తీరలేదు.

ఇందులో ఎవరి పేరూ ఉండదు, ఆ ఇల్లు బెంగళూరులో ఏ వైపు ఉందో కూడా చెప్పను. కొన్ని వివరాలు మార్చాను. సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెడితే జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా పడవచ్చు. ఆ ఉగాది సాయంత్రం మేం పావడా ఫోటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టుకున్నాం. మర్నాడు పొద్దున్నే, మేం ఎవరి ద్వారా సాయం పంపుతామో ఆ సంస్థ సోషల్ వర్కర్ ఫోన్ చేసి, ఒక్కొక్కరితో తీయించేసింది. చదువుకున్న వాళ్ళం, పధ్నాలుగు కుటుంబాల వాళ్ళం. ఆ పిల్ల మొహం మాది కాదన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు.

బిల్లు లేని ఖర్చు

మా పధ్నాలుగు కుటుంబాలూ నెలకి ఐదేసి వందలు వేస్తాం. మొత్తం 7,000. లెక్కలు రాసే పని నాది, ఎందుకంటే నా ఉద్యోగమే అది. మొదట్లో నేనొక పద్ధతి పెట్టాను. ఫీజు రసీదు, పుస్తకాల బిల్లు, మందుల చీటీ పంపితే సంస్థ ద్వారా డబ్బు వెళ్తుంది. చిన్నపిల్ల పేరు మీద ఖర్చు ఉండాలి, బిల్లు ఉండాలి. దాతల డబ్బుకి జవాబుదారీ ఉండాలి కదా అనుకున్నాను. మూడు నెలలు బిల్లులు వచ్చాయి, తర్వాత రావడం తగ్గిపోయింది. ఆవిడకి లెక్క రాయడం చేతకాక కాబోలు అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇవాళ బాధగా ఉంది.

ఆ సంవత్సరం మార్చిలో బెంగళూరులో నీళ్ళ పరిస్థితి ఇక్కడున్న వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. బోర్లు ఎండిపోయాయి, ట్యాంకరు కోసం రెండేసి రోజులు ఎదురుచూశాం. ఆ రోజుల్లోనే ఒకసారి ఫోన్ చేస్తే ఆవిడ దుప్పట్లు పిండుతోంది. చిన్నపిల్ల కన్నతల్లి బతికే ఉంది, అప్పటికి ఆసుపత్రిలో చికిత్స తీసుకుంటోంది. నెలకోసారి తల్లీబిడ్డలని కలుపుతారు. కలిసి వచ్చిన ప్రతిసారీ నాలుగైదు రాత్రులు పిల్ల పక్క తడుపుతుంది. ఆ నాలుగైదు రోజులూ దుప్పటి, బొంత, పక్కన పడుకునే పెద్దపిల్ల బట్టలు, అన్నీ పొద్దున్నే ఉతకాలి. బిందె నీళ్ళ కోసం కొట్టుకునే నెలలో! వాటాల ఇంట్లో పంచుకునే ట్యాంకరు డబ్బుల్లో వీళ్ళ భాగం పెరిగింది. పక్క వాటా వాళ్ళు సణిగారు. ఒక పరుపు పారేసి కొత్తది కొన్నారు.

దీనికి బిల్లు ఎక్కడినుంచి వస్తుంది? పిల్ల ఎక్కడ ఉండాలో తేల్చే పిల్లల సంక్షేమ కమిటీ ముందుకి తీసుకెళ్ళాల్సిన రోజు ఆవిడ మిషన్ మీద కూర్చోదు, ఆ రోజు కుట్టాల్సిన మూడు జాకెట్ల డబ్బు పోతుంది. ఆమె భర్త ఆటో తోలుతాడు. ఆ పూట బాడుగ మానుకుని వాళ్ళనే తిప్పుతాడు. పోయిన సంపాదనకి బిల్లు ఉండదు. ఆధార్‌లో వివరాలు సరిచేయించడానికి నాలుగుసార్లు తిరిగారు. రెండు ఊళ్ళలో సగం సగం చదివిన పిల్ల కాబట్టి ట్యూషన్ పెట్టారు, అక్కడ రసీదులు ఇవ్వరు. ఇవన్నీ "చిన్నపిల్ల ఖర్చు" అనే గడిలో పట్టవు. ఆ ఇల్లంతా కలిసి మోస్తున్న బరువు అది. అందులో ఆ పెద్దపిల్ల మోస్తున్నదీ ఉంది. తడిసిన పక్కలో లేచి, ఏమీ అనకుండా స్కూలుకి వెళ్ళే పిల్ల అది. మేం పావడా తేనిది దానికే.

మా గుంపులో ఒక పెద్దావిడ ఆ ఇంటావిడని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుని, "నువ్వు యశోదవమ్మా" అంది. ఆవిడ చాలా మర్యాదగా చెప్పిన జవాబు ఇది: "యశోదమ్మకి ఇంటినిండా పాలుండె కదమ్మా. నేను పొద్దున నందిని పాకెట్లు రెండు ఎక్కువ కొనాల." యశోద అన్న మాటలో తప్పేం లేదు. కానీ ఆ మాట అనేశాక మన పని అయిపోయినట్టు అనిపిస్తుంది. తల్లి ప్రేమకి దండం పెట్టాం కాబట్టి తల్లికి ఏం కావాలో అడగాల్సిన అవసరం లేదన్నట్టు.

సర్కారు ఏమీ ఇవ్వదని కాదు. కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద 2022 నుంచి ఫోస్టర్ కేర్‌లో ఉన్న పిల్లకి నెలకి 4,000 ఇస్తున్నారు. అంతకుముందు 2,000 ఉండేది. నాలుగువేలు ఈ ఊళ్ళో ఎంతకొస్తాయో ఇక్కడ బతికేవాళ్ళకి చెప్పక్కర్లేదు. అవీ ప్రతినెలా రావు. ఒకసారి ఐదు నెలలు ఆగి ఒక్కసారే పడ్డాయి. ఆ ఐదు నెలలూ ఆవిడ చీటీ పాడి నెట్టుకొచ్చింది. ఆ చీటీలో పోయిన కసరు, అంటే పాటలో వదులుకున్న సొమ్ము, ఎంతో నాకు తెలుసు, ఎందుకంటే అప్పటికి నేను బిల్లులు అడగడం మానేసి కూర్చుని మాట్లాడడం నేర్చుకున్నాను.

సాకు

నా పెద్ద సందేహం ఇప్పుడు రాస్తాను. మా ఆడపడుచు ముఖం మీదే అడిగింది: "ఇంటికి డబ్బిస్తే డబ్బుకోసమే పిల్లని తెచ్చుకునేవాళ్ళు బయల్దేరరా? ఇంటి పనికి వాడుకోరా?"

ఈ ప్రశ్నని నేను తోసిపుచ్చలేను. మా ఇంట్లోనే జరిగింది కాబట్టి.

మాది హిందూపురం. 1986 ప్రాంతంలో మా తాతగారి ఇంట్లో ఒక అమ్మాయి ఉండేది. నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద. తల్లీతండ్రీ లేరు, మేనమామ తెచ్చి వదిలాడు. "మేమే సాకుతున్నాం" అనేది మా అవ్వ, వచ్చినవాళ్ళందరితో. ఆ అమ్మాయి మాతోపాటే తినేది కాదు, మా తర్వాత తినేది. వంటింట్లో చాప మీద పడుకునేది. ఐదో తరగతితో బడి ఆగిపోయింది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. పండక్కి బట్టలు పెట్టేవాళ్ళం. పదిహేడేళ్ళకి పెళ్ళి చేసి పంపించేశారు. ఆ అమ్మాయికి చదువంటే ఇష్టమా, రాత్రిళ్ళు భయమేస్తుందా అని మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ అడిగినట్టు నాకు గుర్తు లేదు. నేనూ అడగలేదు. ఆ అమ్మాయి నా చేత నా పలక మీద అక్షరాలు దిద్దించుకుంటుంటే అది నాకు ఆటగానే ఉండేది.

మా తాతగారు స్వయంగా వారాలు చెప్పుకుని చదువుకున్న మనిషి. సోమవారం ఎవరింట్లో పప్పు పెట్టారో, శుక్రవారం ఎవరింట్లో వీధి అరుగు మీద విస్తరి వేశారో డెబ్బై ఏళ్ళ వయసులో కూడా వరసగా చెప్పేవారు. ఆ వారాలూ ఒక కులం వాళ్ళకి వాళ్ళలో వాళ్ళు చేసుకున్న ఏర్పాటే, అందరి పిల్లలకీ దొరికింది కాదు. అయినా ఏడిళ్ళు కలిసి ఒక పిల్లవాడిని ఏళ్ళ తరబడి నిలబెట్టాయి. ఆ అన్నం తిని ప్లీడరైన మనిషికి, తన వంటింట్లో చాప మీద పడుకున్న పిల్ల కనబడలేదు.

మా వైపు పెంచడాన్ని సాకడం అంటాం. కన్నడంలో కూడా సాకు తాయి అంటే పెంచిన తల్లి. తెలుగులో సాకు అంటే నెపం అని కూడా అర్థం. కన్నడంలో సాకు అంటే చాలు అని. ఈ రెండు భాషల మధ్య పెరిగిన నాకు ఆ మాట ఎప్పుడు విన్నా మూడు అర్థాలూ ఒకేసారి వినబడతాయి, ఆ అమ్మాయి గుర్తుకొస్తుంది.

ఇంతకీ మా ఇంట్లో ఆ అమ్మాయికి జరిగింది డబ్బు తీసుకున్నందువల్ల జరగలేదు. మేం పైసా తీసుకోలేదు. ఊరికే సాకాం. ఊరికే సాకాం కాబట్టే ఎవరూ అడగడానికి రాలేదు. బడికి ఎందుకు పంపట్లేదని అడిగే హక్కు ఎవరికీ లేదు. ఆ పిల్లకి వెళ్ళి చెప్పుకునే చోటు లేదు. మా ఆడపడుచుకి నేను చెప్పిన జవాబు ఇదే. ఉచితంగా చేసిన మంచికి మనం లెక్క అడగం. డబ్బు ఇచ్చినప్పుడు, ఆ డబ్బుతోపాటు ఒక మనిషి నెలనెలా వచ్చి పిల్లతో విడిగా కూర్చుని మాట్లాడినప్పుడు మాత్రమే ఆ చాప ఎవరికైనా కనబడుతుంది. చట్టం కూడా ఫోస్టర్ ఇళ్ళని నెలనెలా చూసి రావాలనే చెప్తుంది. చూడడానికి వెళ్ళే మనుషులు చాలినంతమంది ఉండాలి కదా!

అందుకే మా 7,000లో 2,000 ఆ సోషల్ వర్కర్ జీతానికి, ఆమె బస్సు ఖర్చులకి వెళ్తుంది. మా గుంపులో దీనికంత వ్యతిరేకత ఇంకే ఖర్చుకీ రాలేదు. "పిల్లకి చేరాల్సిన డబ్బు ఆఫీసు ఖర్చులకా?" అని ఇద్దరు మానేస్తామన్నారు. వాళ్ళ భయమూ నాకు అర్థమవుతుంది. పేరుకి ట్రస్టు పెట్టి జీపులు కొనుక్కున్నవాళ్ళని అందరం చూశాం. కానీ మేం సాయం చేసే సోషల్ వర్కర్ ఇరవై రెండిళ్ళు చూస్తుంది, రెండు బస్సులు మారి వెళ్తుంది. చిన్నపిల్ల స్కూల్లో ఒక మాస్టారు "నీ అసలు అమ్మ ఎక్కడ" అని క్లాసులో నిలబెట్టి అడిగితే, వెళ్ళి ఆయనతో మాట్లాడింది ఆమే. ఆమె జీతం పిల్ల ఖర్చు కాకపోతే మరేది పిల్ల ఖర్చు?

ఈ విషయంలో నా మనసు గట్టిపడడానికి ఇంకొకటి తోడైంది. రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000 తర్వాత జరిగిన పరిశోధన గురించి చాలామంది వినే ఉంటారు. అనాథ గృహాల్లోని 136 మంది పసివాళ్ళలో సగం మందిని లాటరీ పద్ధతిలో ఫోస్టర్ కుటుంబాల్లో పెట్టి, ఏళ్ళ తరబడి గమనించారు. కుటుంబాల్లోకి వెళ్ళినవాళ్ళు తెలివిలో, మనుషులకి చేరువ కావడంలో ముందున్నారు. రెండేళ్ళ లోపు వెళ్ళినవాళ్ళకి మేలు ఇంకా ఎక్కువ. మిగతా సగాన్ని అక్కడే ఉంచి చూడడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు, అది వేరే సంగతి. ఈ పరిశోధనని కుటుంబ ప్రేమ గొప్పదనడానికి చెప్తుంటారు. నేను గమనించింది ఇంకొకటి. అప్పటికి ఆ ఊళ్ళో అలాంటి కుటుంబాలు దాదాపు లేవు. పరిశోధకులే వెతికి, శిక్షణ ఇచ్చి, నెలనెలా డబ్బిచ్చి, సోషల్ వర్కర్లని తరచుగా పంపుతూ ఆ ఇళ్ళని నిలబెట్టారు. మనం మెచ్చుకునే ఫలితం ఆ ప్రేమదీ, ఆ భత్యానిదీ, ఆ రాకపోకలదీ కూడా.

పుట్టినరోజు భోజనం

బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్ళం ఇవ్వడంలో వెనకబడినవాళ్ళం కాదు. పిల్లవాడి పుట్టినరోజుకి హోముకి భోజనాలు పంపని కుటుంబం మా అపార్టుమెంటులో లేదు. అన్నదానం మన రక్తంలో ఉంది. తృప్తిగా తిన్న మొహం చూస్తే మనకీ కడుపు నిండుతుంది. దాన్ని తప్పు పట్టను, నేనూ పంపాను.

అయితే హోముల్లో ఉన్న పిల్లలందరూ ఎవరూ లేనివాళ్ళని అనుకునే పంపాను. కేంద్ర ప్రభుత్వం దేశమంతా హోముల లెక్క తీయించింది, 2018లో నివేదిక బయటికొచ్చింది. 9,589 సంస్థలు తేలాయి. వాటిలో అనాథల కంటే తల్లో తండ్రో ఒకరు బతికున్న పిల్లలే చాలా ఎక్కువమంది. అంటే ఎక్కడో ఒక తల్లి గది అద్దె కట్టలేక, రాత్రి డ్యూటీకి పోతే పిల్లని చూసే మనిషి లేక అక్కడ వదిలిందన్నమాట. ఆ తల్లి దగ్గర పిల్ల ఉండడానికి నెలకి ఎంత కావాలో మనం లెక్కవేయం. హోములో ఒక పూటకి ప్లేటు ఎంతో మాత్రం మనకి తెలుసు.

నా వాదనకి అసలైన ఎదురువాదం కూడా ఇదే. ఎవరో చెప్పింది కాదు, నాకు నేనే వేసుకున్నాను. ఫోస్టర్ ఇంటి కోసం నెలకి 7,000 తీస్తున్నాం సరే. అంత డబ్బు మూడేళ్ళ కిందట ఆ కన్నతల్లికే ఇచ్చి ఉంటే, ఆవిడకి సకాలంలో వైద్యం చేయించి ఉంటే, పిల్ల ఆ ఇల్లు దాటేదే కాదేమో. మనం ఒక ఇంటిని నిలబెట్టడానికి ఇస్తున్నాం, పడిపోతున్న ఇంకో ఇంటిని చూడకుండా. ఈ ప్రశ్న ముందు నా దగ్గర మంచి జవాబు లేదు. ఉన్నదల్లా ఒకటే. "ఇంటికి" అన్నప్పుడు ఆ ఇల్లు ఏదో మనం ఒక్కసారే తేల్చేసుకోకూడదు.

చట్టం దీన్ని గుర్తించింది. ఫోస్టర్ కేర్‌కి ఒక సెక్షన్ ఉంటే, దాని పక్క సెక్షనే స్పాన్సర్‌షిప్, కన్నవాళ్ళ దగ్గరే పిల్ల ఉండేలా డబ్బివ్వడం. అదీ నెలకి 4,000. కానీ ఆ కుటుంబ ఆదాయం ఊళ్ళలో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. 96,000 అంటే నెలకి 8,000. బెంగళూరులో మూడిళ్ళలో అంట్లు తోమే ఒంటరి తల్లి ఆ గీత దాటిపోతుంది. గార్మెంట్స్‌లో కుట్టే మనిషి ఇంకా ముందే దాటుతుంది. ఆ గీతకి పైనా, నిజంగా నిలదొక్కుకునే చోటుకి కిందా ఉన్న ఖాళీలో ఎన్ని ఇళ్ళున్నాయో! సర్కారు డబ్బు అక్కడికి చేరదు. మన డబ్బు చేరాల్సింది సరిగ్గా అక్కడికే అని నాకు బలంగా అనిపిస్తుంది.

ఇక పన్ను మినహాయింపు కోసం అడిగే 80జి రసీదు గురించి ఒక మాట, ఎందుకంటే మా సమావేశాల్లో అరగంట దానికే పోయేది. రసీదు కావాలంటే నమోదైన సంస్థకే ఇవ్వాలి, నగదు 2,000 దాటితే మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్ళకి అసలే రాదు. నేను సంస్థ ద్వారా ఇవ్వమనేది మాత్రం పన్ను కోసం కాదు. దాత నేరుగా ఆ ఇంటికి వెళ్ళి డబ్బు చేతిలో పెడితే, రేపు ఆ దాత ముందు ఆ పిల్ల పాట పాడాల్సి వస్తుంది. పావడా కట్టుకుని నిలబడినట్టు. మధ్యలో ఒక సంస్థ ఉంటే ఆ పిల్లకి మా మొహాలు తెలియాల్సిన అవసరం లేదు. మేం ఆ ఇంటికి వెళ్ళి ఏడాదిన్నర దాటింది. ఇప్పుడు 4,000 బిల్లు అడగకుండా ఇంటికి, 2,000 సోషల్ వర్కర్‌కి, 1,000 పక్కన పెడుతున్నాం.

తిరిగి ఇచ్చేయడం

"ఎలాగూ పెంచుతున్నారు, దత్తత తీసుకోవచ్చుగా?" అని అడగని మనిషి లేడు. 2024లో మార్చిన మార్గదర్శకాల ప్రకారం రెండేళ్ళు పెంచిన కుటుంబం దత్తత కోరవచ్చు. ఇదివరకు ఐదేళ్ళు ఆగాల్సి వచ్చేది. ఒంటరివాళ్ళు కూడా ఇప్పుడు ఫోస్టర్ కేర్‌కి పిల్లల్ని తీసుకోవచ్చు. మంచిదే, పెద్ద పిల్లలకి ఇళ్ళు దొరుకుతాయి. కానీ అది చట్టప్రకారం దత్తతకి వీలున్న పిల్లల మాట. ఈ పిల్లకి తల్లి ఉంది. నెలకోసారి కలవడానికి వచ్చి, పిల్ల జడ విప్పి మళ్ళీ వేసి వెళ్ళే తల్లి.

ఆ తల్లి కోలుకుంది. గార్మెంట్స్‌లో చేరి ఎనిమిది నెలలైంది. పిల్లని తల్లి దగ్గరికి పంపవచ్చని కమిటీ చెప్పింది, తనకంటూ ఒక గది చూసుకుంటే. గది దొరికింది కూడా. అద్దె 6,000. బెంగళూరు అద్దెల సంగతి తెలిసిందే, పది నెలల అడ్వాన్సు అడిగాడు ఓనరు. బతిమాలితే 40,000కి దిగాడు.

ఈ కబురు మా గ్రూపులో పెట్టినప్పుడు వచ్చిన మొదటి మాట, "అయితే మన బాధ్యత అయిపోయినట్టేగా." రెండో మాట, "రెండున్నరేళ్ళు చదివించాం, ఇప్పుడు ఆ గదిలో మళ్ళీ మొదటికొస్తుంది." దాదాపు మన పిల్లని ఎవరో తీసుకుపోతున్నారన్న బాధ అందులో ఉంది, నాకూ ఉంది. కానీ పిల్ల తల్లి దగ్గరికి వెళ్ళగలగడం కోసమే కదా అన్ని దుప్పట్లు పిండింది! మనం ఇచ్చింది ఆ పిల్లని మన దగ్గర, మన లెక్కలో ఉంచుకోవడానికి కాదు.

పక్కన పెడుతూ వచ్చిన డబ్బు 18,000 ఉంది. ఇంకా 22,000 కావాలి. కుటుంబానికి 1,600 వేసుకుంటే సరిపోతుంది. పైగా అది అడ్వాన్సు, గది ఖాళీ చేస్తే తిరిగొచ్చే డబ్బు. జీతం సర్కారు గీతకి పైన ఉంది కాబట్టి ఆ తల్లికి స్పాన్సర్‌షిప్ రాదు. కనీసం ఒక ఏడాది మన 4,000 ఆ గదికి వెళ్ళాలి, ఇంతకాలం ఈ ఇంటికి వెళ్ళినట్టే, బిల్లు అడగకుండా. సోషల్ వర్కర్ ఆ గదికీ వెళ్తూ ఉండాలి.

మరి ఈ ఇల్లు? నిన్న ఆవిడతో మాట్లాడాను. పిల్ల బట్టలు సర్దుతోంది. బీరువా మీది పావడా దించి చూస్తే చిన్నదైపోయిందట. అంచు విప్పి, కింద గుడ్డ కలిపి కుడుతున్నానంది. పెద్దపిల్ల నాలుగు రోజులుగా రాత్రిపూట సరిగ్గా అన్నం తినడం లేదంది. "ఈ నెలది నాకు పంపొద్దక్కా, ఆ అడ్వాన్సుకి కలిపేయండి" అంది.

నేను కలపనన్నాను. పిల్ల వెళ్ళిన మర్నాడే ఈ ఇంటికి డబ్బు ఆపేస్తే, మేం ఇన్నాళ్ళూ ఇచ్చింది ఇంటికి కాదనే అవుతుంది. ఇంకో పిల్ల ఈ ఇంటికి రావచ్చు, రాకపోవచ్చు. ఇంకో పిల్లని తీసుకునే ముందు వీళ్ళకి కొన్ని నెలలు ఊపిరి పీల్చుకునే వ్యవధి కావాలి. ఆ పెద్దపిల్లని కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్ళాలి, ఆ ఫీజు ఒక్కో సిట్టింగుకి వెయ్యి పైనే. మూడు నెలలు ఇవ్వాలని నా ప్రతిపాదన. ఆదివారం పదకొండింటికి మా ఇంట్లో సమావేశం పెట్టాను. పధ్నాలుగు కుటుంబాల్లో ఐదుగురు ఒప్పుకున్నారు, ఇద్దరు వద్దన్నారు, మిగతావాళ్ళు వచ్చి మాట్లాడతామన్నారు.